యూకే స్కిల్డ్ వర్కర్ వీసా ప్రభుత్వ ఫీజులు: నలుగురికి 22 లక్షలా?

గోదారిగట్టు (2026 జనవరి 12)

నమస్కారమండీ. హైదరాబాద్ నుంచి యూకే స్కిల్డ్ వర్కర్ వీసాకి వెయ్యాలి. ఐటీ ఉద్యోగం, పెద్ద కంపెనీ. జీతం ఏడాదికి 41,700 పౌండ్ల కనీస పరిమితి కంటే పైనే ఉంది. నాతోపాటు భార్య, తొమ్మిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప. కంపెనీ పంపిన డ్రాఫ్ట్ సీఓఎస్‌లో (ఉద్యోగిని తీసుకుంటున్నామని కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్ పత్రం) తేదీలు 2026 మార్చి 1 నుంచి 2029 మార్చి 31 దాకా ఉన్నాయి. సీఓఎస్ ఇంకా కేటాయించలేదు.

కన్సల్టెన్సీ వాళ్లు ప్రభుత్వ ఫీజులే 22 లక్షల 50 వేలు అవుతాయంటున్నారు. డబ్బు వాళ్లకి పంపితే వాళ్ల కార్డు మీద కట్టేస్తారట. ఇంకోవైపు హెచ్‌ఆర్ ఏమో సీఓఎస్ ఖర్చు నా మొదటి మూడు జీతాల్లో పట్టుకుంటామని మెయిల్ పెట్టారు. ఇందులో ఏది న్యాయం, ఏది కాదు? మొత్తం నిజంగా ఎంత? లెక్క తెలిసినవాళ్లు చెప్పండి.

పైసాలెక్క (2026 జనవరి 12)

కన్సల్టెన్సీ అంకె తప్పు కాదండీ. పౌండు 120 రూపాయలనుకుంటే సరిగ్గా అంతే వస్తుంది. అయితే అందులో 5 లక్షల 77 వేలు మీ సీఓఎస్ చివర ఉన్న ఆ ఒక్క మార్చి నెల వల్ల పడుతున్నాయి.

2026 జనవరి నాటికి నడుస్తున్నవి 2025 ఏప్రిల్ 9 నాటి రేట్లు. యూకే బయటి నుంచి వేస్తే సీఓఎస్ మూడేళ్లు, లేదా అంతకు లోపు ఉంటే మనిషికి 769 పౌండ్లు. మూడేళ్లు దాటితే, ఒక్క రోజు దాటినా సరే, 1,519. పిల్లలకి ఇందులో తగ్గింపు లేదు, ఐదేళ్ల పాపకీ అదే ఫీజు.

దీనిమీద ఐహెచ్‌ఎస్, అంటే ఆరోగ్య సర్‌చార్జి. పెద్దవాళ్లకి ఏడాదికి 1,035 పౌండ్లు, 18 ఏళ్ల లోపు పిల్లలకి 776. వీసా కాలం మొత్తానికీ ముందే కట్టెయ్యాలి. పూర్తి ఏళ్లు పోగా మిగిలింది ఆరు నెలలు, లేదా అంతకు తక్కువైతే సగం ఏడాది డబ్బు, ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాది డబ్బు.

మీ డ్రాఫ్ట్ ప్రకారం కాలం మూడేళ్ల ఒక నెల. వీసా ఫీజు 1,519 చొప్పున నలుగురికి 6,076. ఐహెచ్‌ఎస్ మూడున్నరేళ్లకి పడుతుంది: పెద్దవాళ్లు ఒక్కొక్కరికి 3,622.50, ఇద్దరికీ 7,245. పిల్లలు ఒక్కొక్కరికి 2,716, ఇద్దరికీ 5,432. మొత్తం 18,753 పౌండ్లు.

చివరి తేదీని 2029 ఫిబ్రవరి 28 చేయించండి. ఫీజు 3,076, పెద్దవాళ్ల ఐహెచ్‌ఎస్ 6,210, పిల్లలది 4,656. మొత్తం 13,942. తేడా 4,811 పౌండ్లు.

ఓరుగల్లుపోరడు (2026 జనవరి 12)

ఒక్క నెలకి ఐదు లక్షల డెబ్బై ఏడు వేలా? ఇదేం లెక్క అన్నా! కంపెనీవాళ్లు అసలు మార్చి 31 అని ఎందుకు పెడ్తరు?

పైసాలెక్క (2026 జనవరి 12)

ఆర్థిక సంవత్సరం చివరికి సరిపోతుందని పెడతారు తమ్ముడూ. ప్రాజెక్టు బడ్జెట్, కాంట్రాక్టు అన్నీ మార్చి 31తో ముగుస్తాయి కాబట్టి చేతికి ఆ తేదీ అలవాటు. అక్కడ రెండు గీతలున్నాయి. మూడేళ్ల దగ్గర వీసా ఫీజు రెట్టింపుకి కాస్త తక్కువగా ఎగురుతుంది, ప్రతి ఆరు నెలల దగ్గర ఐహెచ్‌ఎస్ ఒక మెట్టెక్కుతుంది. ఈ ఒక్క నెల ఆ రెండు గీతలనీ ఒకేసారి దాటేసింది.

ఎలాగూ మూడేళ్లు దాటాల్సి వస్తే మూడేళ్ల ఒక నెల తీసుకోవడం దండగ. అదే డబ్బుకి మూడున్నరేళ్లు వస్తాయి. ఇంకోటి, వీసా సీఓఎస్ చివరి తేదీ తర్వాత 14 రోజుల దాకా ఇస్తారు. ఆ 14 రోజుల వల్ల ప్రధాన దరఖాస్తుదారు ఫీజు ఎక్కువ మెట్టుకి పోదు, కాబట్టి సరిగ్గా మూడేళ్ల సీఓఎస్ అడగడానికి జంకక్కర్లేదు.

రూల్‌బుక్ (2026 జనవరి 13)

హెచ్‌ఆర్ మెయిల్ సంగతి. సీఓఎస్ ఫీజు 525 పౌండ్లు, అది కంపెనీ కట్టాల్సింది. 2024 డిసెంబర్ 31 నుంచి, స్కిల్డ్ వర్కర్ విషయంలో సీఓఎస్ ఫీజునీ, స్పాన్సర్ లైసెన్స్ (విదేశీయుల్ని ఉద్యోగంలోకి తీసుకునే అనుమతి) ఫీజునీ, వాటికి తగిలే పాలనా ఖర్చులనీ ఉద్యోగి దగ్గర వసూలు చెయ్యకూడదు. నేరుగా అడగకూడదు, జీతంలో పట్టకూడదు, ఉద్యోగం మానేస్తే తిరిగి కట్టమని బాండూ రాయించుకోకూడదు. చేస్తే లైసెన్స్‌కే ఎసరు. ఆ మెయిల్ మామూలు పొరపాటో కాదో గానీ, హెచ్‌ఆర్‌కి కాకుండా కంపెనీ ఇమిగ్రేషన్ బృందానికి, లేదా వాళ్ల లాయర్లకి కాపీ పెట్టి ఒక్క వాక్యంలో అడగండి: "స్కిల్డ్ వర్కర్ సీఓఎస్ ఫీజు ఉద్యోగి నుంచి తీసుకోవచ్చా?" అంతే, మెయిల్ వెనక్కి పోతుంది.

దీనికంటే పెద్దది ఇమిగ్రేషన్ స్కిల్స్ చార్జి, అంటే విదేశీ ఉద్యోగిని తీసుకున్నందుకు ప్రభుత్వానికి కట్టేది. ఇదీ కంపెనీదే, ఇది ఉద్యోగి మీద వెయ్యడం ఎప్పుడూ చెల్లదు. 2025 డిసెంబర్ 16 నుంచి పెరిగింది. పెద్ద కంపెనీకి మొదటి పన్నెండు నెలలకి 1,320 పౌండ్లు, ఆ తర్వాత ప్రతి ఆరు నెలలకి 660. చిన్న కంపెనీలకీ, స్వచ్ఛంద సంస్థలకీ 480, ఆపైన 240. పాత 1,000, 364 అంకెలు ఇంకా చాలా సైట్లలో అలాగే పడి ఉన్నాయి, వాటిని నమ్మకండి.

తేదీ మార్పించడానికి ఇక్కడే దారి ఉంది. మూడేళ్లకి ఈ చార్జి 3,960, మూడేళ్ల ఒక నెలకి 4,620. ఆ ఒక్క నెల కంపెనీకి కూడా 660 పౌండ్ల బొక్క. మీ 4,811 గురించి రాస్తే "పరిశీలిస్తాం" అంటారు, వాళ్ల 660 గురించి రాస్తే ఆ రోజే చూస్తారు.

గోదారిగట్టు (2026 జనవరి 13)

చాలా థాంక్సండీ. సీఓఎస్ కేటాయించాక తేదీ మార్చలేరా? తొందరపెట్టాలా?

రూల్‌బుక్ (2026 జనవరి 13)

తొందరపెట్టండి. కేటాయించాక స్పాన్సర్ చిన్న సవరణలని నోట్ రూపంలో జతచెయ్యగలరు గానీ, స్కిల్స్ చార్జి కట్టేసిన కాలాన్ని కుదించడం తలనొప్పి వ్యవహారం. డ్రాఫ్ట్‌లో ఉండగానే నాలుగు చూసుకోండి: మొదలు తేదీ, చివరి తేదీ, పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, ఉద్యోగ రకం తెలిపే వృత్తి కోడ్.

పేరు దగ్గర మనవాళ్లకి ఇబ్బంది ఎక్కువ. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఇంటిపేరు ఉండి, కంపెనీ రికార్డులో అది ఇనిషియల్‌గా ముందుంటుంది. హెచ్‌ఆర్ తమ రికార్డులోంచి ఎక్కిస్తే సీఓఎస్‌లో పేరు తిరగబడుతుంది. పాస్‌పోర్టు మొదటి పేజీ స్కాన్ పంపి, అక్షరం అక్షరం సరిచూడమనండి.

టేమ్స్‌ఒడ్డు (2026 జనవరి 13)

అందరూ మూడేళ్ల దగ్గరే ఆగిపోయారు. ఐదేళ్లు అడగొచ్చు కదా? సీఓఎస్ ఒకేసారి గరిష్ఠంగా ఐదేళ్లకి ఇవ్వొచ్చు. ఐదేళ్లకి నలుగురి ఫీజు 6,076. ఐహెచ్‌ఎస్ పెద్దవాళ్లిద్దరికీ 10,350, పిల్లలిద్దరికీ 7,760. మొత్తం 24,186.

మూడేళ్లు తీసుకుని తర్వాత రెండేళ్లు పొడిగిస్తే? ఇప్పుడు 13,942. పొడిగింపు యూకే లోపలి నుంచి కాబట్టి రేటు వేరు: మూడేళ్ల లోపు అయితే మనిషికి 885, నలుగురికి 3,540. రెండేళ్ల ఐహెచ్‌ఎస్ 7,244. అంటే ఇంకో 10,784. రెండూ కలిపితే 24,726. ఈనాటి రేట్లలోనే 540 పౌండ్లు ఎక్కువ, రేట్లు పెరిగితే ఇంకా ఎక్కువ. పెరగవని ఎవరు హామీ ఇస్తారు? ఐహెచ్‌ఎస్ 2015లో ఏడాదికి 200. 2019లో 400, 2020లో 624, 2024 ఫిబ్రవరి 6 నుంచి 1,035. తగ్గిన చరిత్ర లేదు.

పైసాలెక్క (2026 జనవరి 13)

లెక్క సరే, కానీ ఆ 540 కోసం ఇవాళే పదివేల పౌండ్లు అదనంగా బయట పెట్టాలి. 120 రూపాయల లెక్కన మొత్తం 29 లక్షలు. కుటుంబం మధ్యలో తిరిగొచ్చేస్తే మిగిలిన ఏళ్ల ఐహెచ్‌ఎస్ తిరిగి ఇవ్వరు. వీసా గడువు ముందే దేశం వదిలితే రిఫండ్ లేదని నిబంధన సూటిగానే ఉంది. ఐటీలో ఐదేళ్లు ఒకే కంపెనీ, ఒకే దేశం అనుకుని 29 లక్షలు పందెం కాయడం నాకు రుచించదు.

పైగా కంపెనీ కూడా ఒప్పుకోవాలి. ఐదేళ్లకి వాళ్ల స్కిల్స్ చార్జి 6,600. ఆఫర్ లెటర్ దశలో ఉన్న మనిషి కోసం చాలామంది మూడేళ్లే ఇస్తారు.

టేమ్స్‌ఒడ్డు (2026 జనవరి 14)

తిరిగొచ్చే ఆలోచన ఉన్నవాళ్లకి మీ మాటే సరి, ఒప్పుకుంటాను. కానీ అక్కడే ఉండిపోవాలనుకునే కుటుంబానికి ఐదేళ్లే మేలు. కంపెనీ మారితే డబ్బంతా పోతుందనుకునేవాళ్ల కోసం ఒక మాట: కంపెనీ మారినప్పుడు కొత్త సీఓఎస్‌తో మళ్లీ దరఖాస్తు వెయ్యాల్సింది ఉద్యోగి ఒక్కరే. భార్యాపిల్లల వీసా దాని గడువు దాకా చెల్లుతుంది, వాళ్లు మళ్లీ కట్టక్కర్లేదు. ఇది తెలియక కొత్త కంపెనీలో చేరిన వారానికే నలుగురికీ కట్టేసేవాళ్లున్నారు.

తెల్లకోటు (2026 జనవరి 14)

నర్సులకీ ఇవే ఫీజులా?

రూల్‌బుక్ (2026 జనవరి 14)

కాదండీ. అర్హమైన వైద్య వృత్తిలో ఉండి, యజమాని ఎన్‌హెచ్‌ఎస్ (యూకే ప్రభుత్వ ఆరోగ్య సేవ), లేదా దానికి సేవలందించే సంస్థ అయితే అది హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా కిందికి వస్తుంది. మూడేళ్ల దాకా 304, దాటితే 590. ఐహెచ్‌ఎస్ సున్నా, భార్యాపిల్లలకి కూడా. దరఖాస్తులో మామూలు స్కిల్డ్ వర్కర్ ఎంచుకుంటే ఐహెచ్‌ఎస్ పేజీ వేల పౌండ్లు అడుగుతుంది. అక్కడ ఆగి, ఎక్కడ తప్పు గడి నొక్కారో వెనక్కెళ్లి చూసుకోవాలి. కట్టేశాక వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ ఆలస్యం.

కేర్ వర్కర్ ఉద్యోగాలకి విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడం 2025 జులై 22తో ఆపేశారు. ఇప్పటికీ కేర్ హోమ్ సీఓఎస్ ఇప్పిస్తామని లక్షలు అడిగేవాళ్లున్నారు, దూరంగా ఉండండి. ఇదే కాదు, ఏ సీఓఎస్‌నైనా డబ్బుకి అమ్ముతున్నామన్నారంటే అది చట్టవిరుద్ధం. లైసెన్స్ ఉన్న కంపెనీల జాబితా యూకే ప్రభుత్వ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, రోజూ తాజా చేస్తారు.

ఓరుగల్లుపోరడు (2026 జనవరి 14)

ఇమిగ్రేషన్ శాలరీ లిస్ట్‌ల (ప్రభుత్వం సడలింపు ఇచ్చిన ఉద్యోగాల జాబితా) ఉన్న ఉద్యోగాలకి తక్కువంటరు కదా?

రూల్‌బుక్ (2026 జనవరి 14)

అవును. మూడేళ్ల దాకా 590, దాటితే 1,160, లోపలి నుంచి వేసినా బయటి నుంచి వేసినా అంతే. ఐహెచ్‌ఎస్ మాత్రం మామూలే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఆ జాబితాలో లేవు కాబట్టి గోదారిగట్టు గారికి అక్కరకు రాదు.

కార్డుగీత (2026 జనవరి 15)

కట్టే పద్ధతి గురించి ఎవరూ రాయలేదు. అసలు డబ్బు పోయేది అక్కడే.

ముందుగా, కన్సల్టెన్సీ కార్డు వద్దు. వీసా తిరస్కరిస్తే ఐహెచ్‌ఎస్ మొత్తం వెనక్కొస్తుంది, రెండుసార్లు కట్టినా వస్తుంది. ఎక్కడికి వస్తుంది? ఏ కార్డుతో కట్టారో దానికే. పది లక్షల పైచిలుకు వేరొకరి ఖాతాలో పడితే, దాన్ని రాబట్టుకోవడం మీ తిప్పలు. వాళ్ల సలహాకి ఫీజు ఇవ్వదలిస్తే అది విడిగా ఇవ్వండి, ప్రభుత్వ ఫీజు మాత్రం మీ కార్డుతోనే కట్టండి. మీ పేరుతో ఉన్న ఈమెయిలే దరఖాస్తులో పెట్టండి.

భారత్ నుంచి వేసినప్పుడు బిల్లు డాలర్లలో వస్తుంది. హోం ఆఫీస్ (వీసాలు చూసే యూకే ప్రభుత్వ శాఖ) తన మారకపు రేటు వాడుతుంది, అది మార్కెట్ రేటు కంటే కొంచెం ఎక్కువే. కాబట్టి గూగుల్‌లో చూసిన రేటుతో లెక్కేసుకుని కార్డులో సరిగ్గా అంతే ఉంచితే లావాదేవీ తన్నేస్తుంది. ఐదారు శాతం ఎక్కువ ఉంచండి. ఫారెక్స్ కార్డు తీసుకునేవాళ్లు పౌండ్లు కాదు, డాలర్లు లోడ్ చేయించండి. పౌండ్ల కార్డుతో డాలర్ బిల్లు కడితే మధ్యలో ఇంకో మార్పిడి రుసుము పడుతుంది.

క్రెడిట్ కార్డులో మార్కప్, అంటే విదేశీ చెల్లింపు మీద బ్యాంకు వేసే అదనపు రుసుము, చూసుకోండి. 3.5 శాతం మార్కప్, దానిపై 18 శాతం జీఎస్టీ అంటే 4.13 శాతం. 13,942 పౌండ్లు 120 రూపాయల లెక్కన 16 లక్షల 73 వేలు, దాని మీద అది దాదాపు 69 వేలు. తక్కువ మార్కప్ కార్డులూ దొరుకుతాయి, ముందే వెతుక్కోండి.

ఇక టీసీఎస్, అంటే చెల్లించేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే ఆదాయపన్ను. డెబిట్ కార్డు, ఫారెక్స్ కార్డు ఖర్చులు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపడానికి ఆర్‌బీఐ పెట్టిన పథకం) కింద లెక్క. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక పాన్ మీద 10 లక్షలు దాటితే, దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ పట్టుకుంటారు. 16.73 లక్షలు మీ ఒక్కరి పాన్ మీదే పోతే 6.73 లక్షల మీద లక్షా 34 వేల పైన కట్టాలి. రిటర్న్ వేశాక సర్దుబాటవుతుంది, కానీ ప్రయాణం ముందు అంత డబ్బు ఇరుక్కోవడం ఇబ్బంది. మీకూ మీ ఆవిడకీ వేర్వేరు పాన్‌లు, వేర్వేరు ఖాతాలు ఉంటే ఇద్దరి దరఖాస్తులు మీ కార్డు మీద, ఇద్దరివి ఆవిడ కార్డు మీద కట్టండి. చెరి ఎనిమిదిన్నర లక్షల లోపు, టీసీఎస్ గొడవే ఉండదు.

గోదారిగట్టు (2026 జనవరి 15)

దరఖాస్తులు విడివిడిగా కట్టొచ్చా? నలుగురిదీ ఒకే బిల్లు అనుకున్నాను.

కార్డుగీత (2026 జనవరి 15)

యూకే బయటి నుంచి వేసినప్పుడు ప్రతి మనిషికీ సొంత దరఖాస్తు, సొంత జీడబ్ల్యూఎఫ్ (దరఖాస్తు) నంబరు ఉంటాయి. ఒక్కొక్కదానికి ముందు ఐహెచ్‌ఎస్ పేజీ వస్తుంది, అది కట్టాక ఐహెచ్‌ఎస్ రెఫరెన్స్ నంబరు ఇస్తుంది, ఆ తర్వాత వీసా ఫీజు. ఐహెచ్‌ఎస్ ఒక కార్డుతో, వీసా ఫీజు ఇంకో కార్డుతో కట్టినా పర్వాలేదు. ఒకే బిల్లుని రెండు కార్డులకి పంచడం మాత్రం కుదరదు. అందుకే రోజువారీ పరిమితి ఐహెచ్‌ఎస్ అంత ఉండాలి. డెబిట్ కార్డుల్లో విదేశీ ఆన్‌లైన్ లావాదేవీలు మూసి ఉంటాయి, యాప్‌లో తెరిచి పరిమితి పెంచండి.

తేదీల గడి జాగ్రత్త. ఐహెచ్‌ఎస్ పేజీ లెక్క మీరు ఎక్కించిన తేదీల మీదే నడుస్తుంది. సీఓఎస్‌లో ఉన్నవే ఎక్కించాలి, మీరు విమానం ఎక్కే తేదీ కాదు. తక్కువ కట్టినట్టు తేలితే మిగతాది కట్టమని మెయిల్ వస్తుంది, గడువు కొద్ది రోజులే. ఆ మెయిల్ స్పామ్‌లో పడి గడువు దాటితే దరఖాస్తే పోతుంది.

పేజీ మధ్యలో ఆగిపోయి డబ్బు కట్ అయితే వెంటనే ఇంకోసారి నొక్కకండి. మెయిల్, బ్యాంకు మెసేజ్ రెండూ చూసి, కొన్ని గంటలు ఆగి లాగిన్ అవ్వండి.

నల్లేరు (2026 జనవరి 16)

ఫీజులు కాకుండా ఖాతాలో చూపించాల్సిన డబ్బు కూడా ఉంటుంది కదా, అదెంత?

పైసాలెక్క (2026 జనవరి 16)

ప్రధాన దరఖాస్తుదారుకి 1,270 పౌండ్లు, భార్యకి 285, మొదటి బిడ్డకి 315, రెండో బిడ్డకి 200. నలుగురికి 2,070. వరుసగా 28 రోజులు ఏ ఒక్క రోజూ దాని కిందికి దిగకూడదు. 28వ రోజు దరఖాస్తు తేదీకి ముందు 31 రోజుల లోపు ఉండాలి.

మనవాళ్లు చిక్కుపడేది ఒకే చోట. అదే ఖాతాలోంచి ఫీజు కడతారు, నిల్వ పడిపోతుంది, తర్వాత స్టేట్‌మెంట్ తీస్తారు. ఫీజు కట్టిన రోజే దరఖాస్తు తేదీ. కాబట్టి కట్టడానికి ముందు రోజు స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి, ఆ తర్వాత ఖాతా ఖాళీ అయినా ఫరవాలేదు. రూపాయల నిల్వని వీసా అధికారులు ఓండా అనే మారకపు రేట్ల సైట్ రేటుతో పౌండ్లలోకి మారుస్తారు, అందుకని సరిహద్దులో ఉంచకండి. పీఎఫ్ నిల్వ, షేర్లు చెల్లవు.

ఇంకా సులువు, పెద్ద కంపెనీలు సీఓఎస్‌లోనే మొదటి నెల పోషణకి పూచీ ఇస్తాయి. ఆ గడిలో టిక్ ఉందో లేదో డ్రాఫ్ట్‌లో చూడండి. కుటుంబానికి కూడా వర్తించేలా రాయించుకుంటే ఈ 28 రోజుల తతంగమే అక్కర్లేదు.

టేమ్స్‌ఒడ్డు (2026 జనవరి 16)

కుటుంబం తర్వాత వచ్చినా పర్వాలేదనుకుంటే ఇంకో మిగులు ఉంది. వాళ్లకి వీసా ఉద్యోగి వీసా చివరి తేదీ దాకానే ఇస్తారు, కాబట్టి మిగిలిన కాలానికే ఐహెచ్‌ఎస్. చివరి తేదీకి ఎన్ని నెలలున్నాయో చూసి ఆరు నెలల గీతకి కాస్త కిందికి వచ్చాకే వెయ్యండి. ఉద్యోగి వీసాకి కలిసే ఆ 14 రోజులు ఇక్కడ లెక్కలోకి రావొచ్చు, ఒకటి రెండు వారాల ఎడం ఉంచుకోవడం క్షేమం.

నల్లేరు (2026 జనవరి 16)

వీసా రాకపోతే డబ్బు పరిస్థితి?

రూల్‌బుక్ (2026 జనవరి 17)

వీసా ఫీజు పోయినట్టే. ఐహెచ్‌ఎస్ వస్తుంది, నిర్ణయం వచ్చిన ఆరు వారాల్లోపు మామూలుగా దానంతటదే కార్డుకి పడుతుంది. వేలిముద్రలు ఇవ్వకముందే దరఖాస్తు వెనక్కి తీసుకుంటే వీసా ఫీజు కూడా వస్తుంది, ఇచ్చాక రాదు. కాబట్టి సీఓఎస్‌లో తప్పు కనబడిందంటే అపాయింట్‌మెంట్‌కి వెళ్లకముందే తేల్చుకోవాలి.

ఫీజు దండగయ్యే కారణాలు ఏమంత గొప్పవి కావు. క్షయ పరీక్ష పత్రం ఆరు నెలలే చెల్లుతుంది, అదీ యూకే ఆమోదించిన క్లినిక్ నుంచే కావాలి, పిల్లలకి కూడా. 11 ఏళ్ల లోపు పిల్లలకి సాధారణంగా ఎక్స్‌రే తియ్యరు, కానీ క్లినిక్‌కి తీసుకెళ్లి పత్రం తీసుకోవాల్సిందే. ఇంగ్లిష్ స్థాయి 2026 జనవరి 8 నుంచి బీ1 కాదు, దానికి పై మెట్టయిన బీ2. పాత బీ1 పరీక్ష మార్కులు చూపిస్తామంటే కొత్త దరఖాస్తుకి కుదరదు. ఇంగ్లిష్ మాధ్యమంలో చదివిన మన డిగ్రీ చూపించాలంటే ఎక్టిస్ (విదేశీ డిగ్రీలని సరిచూసే యూకే సంస్థ) నుంచి ధ్రువీకరణ తెచ్చుకోవాలి, కాలేజీ ఇచ్చిన మీడియం సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. స్కిల్డ్ వర్కర్ భార్యకి ఈ దశలో ఇంగ్లిష్ పరీక్ష లేదు.

కార్డుగీత (2026 జనవరి 17)

వీఎఫ్‌ఎస్ (వేలిముద్రలు, పత్రాలు తీసుకునే వీసా సెంటర్ల సంస్థ) దగ్గర ఖర్చుల గురించి కూడా ఒక మాట. హైదరాబాద్ సెంటర్లో మామూలు అపాయింట్‌మెంట్‌కి, పత్రాలు మీరే ఆన్‌లైన్‌లో ఎక్కించుకోడానికి డబ్బు లేదు. స్కానింగ్ సాయం, లాంజ్, ఎస్ఎంఎస్, కొరియర్, పాస్‌పోర్టు మన దగ్గరే ఉంచుకునే సేవ, ఇవన్నీ ఐచ్ఛికం. బుకింగ్‌లో ఒక్కో పేజీకి ఒక్కోటి ముందుకొస్తుంది, వద్దనుకుంటే దాటెయ్యండి. నిర్ణయం మామూలుగా మూడు వారాలు. ప్రయారిటీ మనిషికి 500 పౌండ్లు, ఐదు పని దినాలు. నలుగురికి 2,000. మార్చి 1 మొదలుకి జనవరిలో వేస్తుంటే అది అనవసరం.

బయోమెట్రిక్ ఫీజు 19.20 పౌండ్లని ఎవరైనా బిల్లులో వేస్తే పాత సంగతి. 2023 అక్టోబర్‌లోనే తీసేశారు. ఈ-వీసా కోసం యూకేవీఐ (యూకే వీసా విభాగం) ఖాతా తెరవడానికి కూడా పైసా అక్కర్లేదు, దానికి "రిజిస్ట్రేషన్ చార్జి" అడిగినవాడు దొంగే.

గోదారిగట్టు (2026 జనవరి 19)

ఇమిగ్రేషన్ బృందం సీఓఎస్ ఫీజు జీతంలో పట్టేది లేదని రాసింది. తేదీ ఫిబ్రవరి 28కి మారుస్తున్నారు. కానీ కొత్త మెలిక పెట్టారు: వీసా ఫీజు, ఐహెచ్‌ఎస్ ఇప్పుడు కంపెనీ కట్టి నెలకింత జీతంలో పట్టుకుంటుందట, రెండేళ్లలోపు మానేస్తే మిగతాది నేను కట్టాలట. ఇది సరైనదేనా?

రూల్‌బుక్ (2026 జనవరి 19)

వీసా ఫీజు, ఐహెచ్‌ఎస్ చట్టప్రకారం మీవే, కాబట్టి కంపెనీ కట్టి మానేస్తే తిరిగి అడగడం చెల్లుతుంది. అయితే ప్రతి నెలా కోత వేరే సంగతి. 2025 ఏప్రిల్ నుంచి ఇమిగ్రేషన్ ఖర్చుల కోసం జీతంలో పట్టే మొత్తాన్ని జీతంలోంచి తీసేసి, మిగిలినదాన్నే పరిమితితో పోలుస్తారు. 13,942 పౌండ్లని రెండేళ్లలో పట్టుకుంటే ఏడాదికి 6,971. మీ జీతం 48,000 అనుకుంటే లెక్కకి మిగిలేది 41,029, అంటే 41,700 కంటే కింద. వీసాయే పోతుంది. మీ వృత్తి కోడ్‌కి ప్రామాణిక జీతం 41,700 కంటే ఎక్కువ ఉంటే ఆ అంకెతో పోల్చాలి. ఎంత కోత పడుతుందో, ఎన్ని నెలలో రాతపూర్వకంగా తీసుకుని ముందు ఈ తీసివేత చేసుకోండి. తక్కువైతే కోత వద్దని, మానేసినప్పుడు కట్టే షరతు మాత్రం ఉంచమని అడగండి.

ఓరుగల్లుపోరడు (2026 జనవరి 20)

ఇన్ని కట్టినంక ఐఎల్‌ఆర్‌కి (అక్కడ శాశ్వతంగ ఉండే అనుమతి) మళ్లీ ఎంతనో?

టేమ్స్‌ఒడ్డు (2026 జనవరి 20)

మనిషికి 3,029 పౌండ్లు, నలుగురికి 12,116. ఐహెచ్‌ఎస్ ఉండదు. 2026 జనవరి నాటికి ఐదేళ్లకే అర్హత. దాన్ని పదేళ్లు చేసే ప్రతిపాదన మీద ప్రభుత్వం 2025 నవంబర్‌లో సంప్రదింపులు మొదలుపెట్టింది. అది అమలైతే మధ్యలో ఇంకో ఐదేళ్ల వీసా, దాని ఐహెచ్‌ఎస్ వచ్చి పడతాయి. ఐదేళ్ల సీఓఎస్‌తో అంతా అయిపోతుందని నేను పైన వేసిన లెక్కని ఆ కోణంలోనూ చూసుకోండి.

పైసాలెక్క (2026 జనవరి 20)

ఫీజు ఎంతన్నది దరఖాస్తు సమర్పించి కట్టిన రోజు రేటు మీదే ఉంటుంది, నిర్ణయం వచ్చిన రోజు మీద కాదు. పోయిన ఏడాది ఏప్రిల్ 9న పెంచారు, కాబట్టి మార్చి చివర్లో, ఏప్రిల్ మొదట్లో మొదలయ్యే సీఓఎస్‌లు ఉన్నవాళ్లు ఆ వారం దాకా ఆగకండి. సీఓఎస్ మొదలు తేదీకి మూడు నెలల ముందు నుంచే వెయ్యొచ్చు, కేటాయించిన మూడు నెలల్లోపు వాడెయ్యాలి.